ఎండకు నల్లబడే అద్దాలు

మనిషి తన జీవితకాలంలో చేయవలసిన నిర్ణయాలన్నిటిలోకీ గహనమైనది కళ్లజోళ్ల దుకాణంలో, గుండ్రటి ఎత్తు కుర్చీ మీద, కాళ్లు నేలకు అందీ అందకుండా కూర్చుని చేసేది. పెళ్లి బెడిసికొడితే పెద్దలను తప్పుపట్టవచ్చు. ఉద్యోగం బెడిసికొడితే తలరాతను నిందించవచ్చు. కళ్లద్దాల విషయంలో మాత్రం మనిషి దిక్కులేని స్వతంత్రుడు. అందునా ఎండలో నల్లబడి నీడలో తెల్లబడే అద్దాలు కావాలా, ఎక్కడైనా ఒకే మాదిరిగా ఉండే మామూలు అద్దాలు చాలునా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు, మహామహులు రాసిపెట్టిన నీతిగ్రంథాలలో ఒక్క వాక్యమైనా అక్కరకు రాదు.

ఇంతటి ధర్మసంకటం ఒకనాటి ఉదయం ఒక శవవాహనం డ్రైవరు నెత్తిన పడింది.

ఆయన పెద్దాసుపత్రి వెనక గేటు దగ్గర నిలిపి ఉండే తెల్లటి పొడుగు బండికి సారథి. లోకంలోని డ్రైవర్లు ముందు వెళ్లేవాణ్ని దాటి కీర్తి గడిస్తే, ఈయన ఎవరినీ దాటకుండా గడించాడు. నిద్రపోతున్న పసిబిడ్డను ఒక పక్క మీంచి మరో పక్క మీదికి మార్చే తల్లిలాగా బండిని గుంతలు తప్పించి నడిపేవాడు. ఆయన భార్యకు తమ్ముడు, అంటే ఆయనకు బావమరిది, అదే బండిలో సహాయకుడు. స్ట్రెచర్ జారే రోలర్లకు నూనె వేయటం, వెనక తలుపును చప్పుడు కాకుండా మూయటం, నేలను ఫినాయిలుతో కడగటం అతడి విధులు. వీటి మధ్య మధ్య హాస్యమాడటం అతడు జీతం లేకుండా చేసే సేవ.

డ్రైవరుకు ఎండ పడదు. ఎదురెండ తగిలిందా, రెండు కళ్ల నుంచీ నీళ్లు ధారకట్టి గడ్డం దాకా వచ్చేవి. కంటి డాక్టరు పరీక్ష చేసి, "మీ కళ్లు బాగా పొడిబారిపోయాయి. అందుకే ఇన్ని నీళ్లు" అని సెలవిచ్చాడు. వేదాంతులు కూడా ఇంత సూటిగా మాట్లాడరు.

ఆ బండిలో ఒక కట్టుబాటు ఉంది. పోయినవారికి అందరికంటే దగ్గరి మనిషి డ్రైవరు పక్కన, ముందు సీటులో కూర్చోవాలి. ఆ మనిషి కాసేపు తన దుఃఖంలో తాను మునిగి ఉండి, ఎక్కడో ఒక మలుపు దగ్గర తల తిప్పి చూసేసరికి, ముక్కూ మొహం తెలియని జీతగాడు తన తండ్రి కోసమో భార్య కోసమో కన్నీరుమున్నీరవుతూ కనిపించేవాడు. కన్నకొడుకుల కళ్లు పొడిగా ఉన్న సందర్భాలలో ఈ దృశ్యం మరీ శోభించేది. మొదట్లో ఆయన నిజం చెప్పి చూశాడు.

"ఎండండీ, మరేం లేదు."

"నాకు తెలుసులే నాయనా" అని వాళ్లు ఆయన భుజం తట్టేవారు. ఏడ్చేవాడనే పేరుకు, ఏడుపును దాచుకునే పెద్దమనసువాడనే పేరు కూడా తోడైంది. ఆ తరువాత ఆయన చెప్పటం మానేశాడు. జనం ఆసుపత్రికి వచ్చి "ఆ ఏడ్చే డ్రైవరుగారు ఉన్నారా?" అని అడిగి మరీ పిలిపించుకునేవారు. బావమరిది ఆయనకు 'కుళాయి' అని బిరుదు ఇచ్చాడు. షెడ్డులో అందరూ దానిని గౌరవపూర్వకంగానే వాడేవారు.

బావమరిది కాక అసలు సంగతి తెలిసిన మనిషి ఒక్క భార్యే. "ఇవాళ ఎవరి కోసం ఏడ్చొచ్చారు?" అని అడిగి, సాయంత్రం ఆయనను కుర్చీలో వెనక్కి వాల్చి, కనురెప్ప పైకెత్తి, చుక్కల మందు వేసేది. వేసి, "కదలకండి, మీరేమన్నా చిన్నపిల్లాడా?" అని గదమాయించేది. కూతురు మాత్రం అది ఏడ్చి ఏడ్చి మండే కళ్లకు మందనుకునేది. ఎవరి కంట్లో వాళ్లు మందు వేసుకోవటం ఎంత అసాధ్యమో ఆమె పోయాకగానీ ఆయనకు తెలిసిరాలేదు. చుక్క ఒకటి ముక్కు మీద పడేది, ఇంకొకటి చెవి దగ్గర. సీసా త్వరగా ఖాళీ అయ్యేది, కళ్లు మాత్రం ఎప్పటిలాగే పొడిగా ఉండేవి.

ఆమె వర్షాకాలంలో పోయింది. నాలుగు రోజుల జ్వరం, ఐదో రోజున అదే ఆసుపత్రి, అదే వెనక గేటు. ఇంకో డ్రైవరును పిలుస్తామన్నారు. ఆయన వినలేదు. బండి తానే నడిపాడు. వెనక బావమరిది అక్క పక్కన కూర్చున్నాడు. ముందు సీటులో కట్టుబాటు ప్రకారం కూతురు కూర్చుంది.

ఆ రోజు ఆకాశమంతా మబ్బు.

కూతురు ఏడుస్తూనే మలుపు దగ్గర తల తిప్పి తండ్రిని చూసింది. ఆ కళ్లు పొడిగా ఉన్నాయి. తుడిచిన పలకలాగా ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ "మీ నాన్న ఎంత మెత్తని మనిషో" అని ఊళ్లో వాళ్ల నోట విని పెరిగిన పిల్ల అది. మామూలు దారి వదిలేసి ఆయన బండిని చుట్టుదారి పట్టించినప్పుడు, "ఎందుకు నాన్నా ఇలా తిప్పుతున్నావు?" అని మాత్రం అడిగింది. "ఆ దారి బాలేదమ్మా" అన్నాడు. ఆ తరువాత ఆమె ఏమీ అడగలేదు. ఆ రోజే కాదు, తరువాత కూడా.

కూతురుకు కట్టుడు పళ్లు తయారుచేసే చోట ఉద్యోగం. ఒక పన్ను పక్క పన్నుతో రంగు కలిసిందో లేదో పట్టుకోవటం ఆమె పని. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో ఆ కంటికి తెలుసు. అటువంటి కన్ను ఒకసారి చూసినదాన్ని మరచిపోవటం కష్టం. ఇంట్లో మాటలు క్రమంగా తగ్గి, "అన్నం పెట్టాను", "తలుపు వేసుకో" అన్న రెండింటికి వచ్చి ఆగాయి. ఒకరోజు ఎవరో పెద్దమనిషి పండ్ల సంచీతో ఇంటికి వచ్చి, "మా నాన్న పోయినప్పుడు మీరు ఏడ్చినట్టు మా అన్నయ్య కూడా ఏడవలేదండీ" అని డ్రైవరు చేతులు పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి వెళ్లిపోయాక కూతురు పండ్లను గిన్నెలో సర్దుతూ, తండ్రి వైపు చూడకుండానే అంది.

"ఊళ్లో వాళ్లందరికీ సరిపడా ఉన్నాయి నీ దగ్గర. అమ్మ దగ్గరికొచ్చేసరికే అయిపోయాయి."

ఆయన దగ్గర సమాధానం ఉంది. కానీ ఆ సమాధానాన్ని నోటితో చెప్పటం ఎలాగో తెలియలేదు. భార్య పోయిన రోజున ఎండ కాయలేదు గనుక తాను ఏడవలేదు అని విన్నవించుకునే భర్తను ఏ న్యాయస్థానమైనా ఎలా చూస్తుంది? నిజాలలో కొన్ని అబద్ధాలకంటే నాసిరకంగా ఉంటాయి. వాటిని బయటికి తీయటానికి మనిషికి సిగ్గేస్తుంది.

ఎండకు నల్లబడే అద్దాల ఊసు తెచ్చింది బావమరిది.

"నల్లద్దాలు ఒకసారి పెట్టావుగా బావా, ఏమైంది? పోయినాయన బామ్మర్ది 'సినిమాకి పోతున్నావా' అని కాలర్ పట్టుకున్నాడు. ఇవైతే అలా కాదు. మనుషుల దగ్గర తెల్లగా, ఎండ దగ్గర నల్లగా. మర్యాద తెలిసిన అద్దాలు."

"ఇప్పుడు నా కళ్లకి వచ్చిన తొందరేంటిరా?"

"నీ కళ్ల గురించి కాదు బావా." బావమరిది చేతిలో చీపురు ఆపాడు. "మా మేనకోడలి గురించి."

డ్రైవరు ఆ మాటను రెండు రోజులు మనసులో తిప్పాడు. తిప్పగా తిప్పగా తార్కికులు అసూయపడదగిన నిర్మాణం ఒకటి లేచి నిలబడింది. తన కళ్ల నీళ్లకు కారణం ఎండ. ఎండను అద్దాలు ఆపితే నీళ్లు ఆగుతాయి. నీళ్లు ఆగితే, ఇన్నాళ్లూ కారినది శోకం కాదని కూతురు కళ్లారా చూస్తుంది. కారినది శోకం కానప్పుడు, ఆ రోజు కారకపోవటం శోకం లేకపోవటం ఎలా అవుతుంది? మాటతో చెప్పలేని నిర్దోషిత్వాన్ని ముక్కు మీద పెట్టుకుని చూపించవచ్చు.

దీనికి చెల్లించవలసిన మూల్యమూ ఆయనకు తెలుసు. అద్దాలు వచ్చాక ముందు సీటులో కూర్చున్న మనిషి తల తిప్పి చూస్తే పొడి చెంపలు కనిపిస్తాయి. ఒకసారి ఒక ముసలావిడ, ముసలాయనను సాగనంపి బండి దిగుతూ, "నాతో పాటు ఇంకొకరు ఏడ్చారు, నాకది చాలు" అని ఆయన చేతిని కళ్లకు అద్దుకుంది. ఆ ముసలావిడను తలుచుకున్నప్పుడల్లా తర్కం బీటలు వారేది.

ఈ బీటలతోనే ఆయన దుకాణంలో ఎత్తు కుర్చీ ఎక్కాడు. ఒక పక్క బావమరిది, ఇంకో పక్క మామయ్య బలవంతం మీద వచ్చిన కూతురు.

"ఇది తెలివైన అద్దం సార్." దుకాణదారు ఒక అద్దాన్ని చూపుడు, బొటన వేళ్ల మధ్య రత్నంలాగా పట్టుకున్నాడు. "ఎండ ఎప్పుడొచ్చింది, ఎంతొచ్చింది, మీ కంటికన్నా దీనికే బాగా తెలుస్తుంది. మీరేం చెప్పక్కర్లేదు."

"మా బావకి సరైన జోడీ. ఈయన కూడా ఎవరికీ ఏం చెప్పడు" అన్నాడు బావమరిది.

"సార్ ఏం పని చేస్తారు?"

దుకాణాలలో తమ పని పేరు ఎత్తకపోవటం బావాబావమరుదుల నియమం. ఒకప్పుడు ఒక దర్జీకి చెబితే, భుజం మీద ఉన్న టేపును అక్కడే వదిలేసి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాడు. చొక్కా కూడా బిగుతుగా కుట్టాడు.

"ఎండలో తిరిగే పనండీ" అన్నాడు డ్రైవరు.

"రవాణా వ్యాపారం" అని బావమరిది గంభీరంగా పూరించాడు. "వెళ్లేటప్పుడు నిండుగా వెళ్తాం. తిరుగు ప్రయాణానికే బేరాలుండవు."

"ఈ రోజుల్లో ఏ వ్యాపారమైనా అంతే సార్" అని దుకాణదారు సానుభూతి చూపాడు. "ఎండలో తిరిగేవాళ్లకైతే ఇంక ఆలోచించక్కర్లేదు. ఇదే."

కూతురు ఆ అద్దాన్ని అందుకుని, కౌంటరు మీదున్న తెల్లకాగితం మీద పెట్టి, కళ్లు చికిలించింది.

"ఇది పూర్తి తెలుపు కాదు. లోపలున్నా కొంచెం పొగచాయ ఉంది."

దుకాణదారు గతుక్కుమన్నాడు. "ఎవరికీ కనపడదమ్మా అది."

"నాకు కనపడుతోందిగా." అద్దాన్ని తిరిగి ఇచ్చేసింది. తండ్రితో, "నీకెందుకు నాన్నా ఇవి? నీ కళ్లు కనపడకపోతే వాళ్లంతా ఏమైపోతారు?" అంది.

బావమరిది జీవితంలో హాస్యం అందుబాటులో లేని అరుదైన క్షణాలలో అది ఒకటి.

డ్రైవరు కాళ్లను నేలకు ఆనించాడు. ముసలావిడ చేతిని మనసులోనే మెల్లగా విడిపించుకున్నాడు.

"ఇవే ఇవ్వండి" అన్నాడు.

అద్దాలు తయారై వచ్చిన ఆదివారం, సాయంకాలపు ఎండలో, ఆయన ఇంటి ముందు ఖాళీ బండిని ఆపి కూతురును పిలిచాడు. బండిని సర్వీసింగు నుంచి తెచ్చాననీ, షెడ్డులో పెట్టి రావాలనీ అన్నాడు.

"ఒక్కసారి నాతో రా అమ్మా."

"ఎందుకు?"

"అద్దాలు ఎలా పనిచేస్తాయో చూద్దువుగాని."

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. వాకిట్లో ఉన్న తండ్రి కళ్లద్దాలు అప్పటికే పండు నేరేడంత నల్లబడి ఉన్నాయి. బొజ్జ, నెరిసిన మీసం, ఆ పైన నల్లద్దాలు. ఎన్నో నెలల తరువాత ఆమె పెదవి ఒక మూల కదిలింది.

"దొంగతనాల సినిమాలో పెద్ద దొంగలా ఉన్నావు."

ఆ ఒక్క మాటకు డ్రైవరు గుండె ఎంత ఎత్తుకు లేచిందంటే, పరీక్ష అవసరమే లేదని ఒక్క క్షణం అనిపించింది. కానీ శాస్త్రీయ దృష్టి కలవాడు మధ్యలో ఆగడు. ఆమె బండి ఎక్కింది. ఆ రోజు తరువాత ఆ సీటులో కూర్చోవటం అదే మొదటిసారి. కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా చూడసాగింది.

ఆయన కావాలనే పడమటి వైపు రోడ్డు పట్టాడు. మేఘాలు అక్కడక్కడా పల్చగా ఉన్నాయి. వాటి సందుల్లోంచి వాలుపొద్దు సూటిగా ముఖం మీద పడుతోంది. ఆయన కొత్త అద్దాల మీద భారం వేసి, కళ్లు పెద్దవి చేసి, పొడిగా ఉండబోయే తన చెంపల కోసం ఎదురుచూశాడు.

మొదట ఎడమ కన్ను చెమర్చింది. తరువాత కుడిది. మలుపు తిరిగేసరికి రెండు ధారలూ ఎప్పటిలాగే గడ్డం దగ్గర కలుసుకున్నాయి.

కూతురు తల తిప్పి చూసింది. ఆమె ముందుగా చూసింది అద్దాలను. అది ఆమె వృత్తి. అవి స్వచ్ఛంగా ఉన్నాయి. దుకాణంలో కాగితం మీద కనిపించిన ఆ పొగచాయ తప్ప వీసమెత్తు నలుపు లేదు. ఆ తరువాత అద్దాల వెనక ఉన్నవాటిని చూసింది.

"నాన్నా, అద్దాలు తెల్లగానే ఉన్నాయి."

"ఆఁ?"

"వాకిట్లో ఉన్న నలుపు పోయింది. ఎండ లేదు."

డ్రైవరు తత్తరపడ్డాడు. ఎండ ఉందనే ఆయన అనుకున్నాడు. కానీ ఎండ ఉందో లేదో తేల్చే అధికారాన్ని ఆయనే స్వయంగా, డబ్బిచ్చి మరీ, ఆ అద్దాలకు అప్పగించాడు. కంటికన్నా వాటికే బాగా తెలుసునన్నారు. మరి ఎండ లేకపోతే ఈ నీళ్లేమిటి?

"ఎండేనమ్మా..." అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో.

"నాకు తెలుసులే నాన్నా." ఆమె తండ్రి భుజం తట్టింది. "ఇన్నాళ్లూ లోపలే పెట్టుకున్నావా? నేనేమో... నేను నిన్ను ఎన్ని మాటలన్నాను!"

"నువ్వు ఆ రోజు అడిగావు చూడు, ఎందుకు తిప్పుతున్నావని" అన్నాడాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "పైపుల కోసం ఆ దారంతా తవ్విపోశారమ్మా. మీ అమ్మకి కుదుపులు పడవుగా. బస్సెక్కితే రోజంతా నడుం పట్టుకునేది. అందుకని చుట్టూ తిప్పాను."

ఆ మాటలు ఆమె చెవిన పడలేదు. ఆమె రెండు అరచేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. కాసేపటికి తేరుకుని, బండి ఆపించి, తండ్రి కళ్లజోడు తీసి, తన రుమాలుతో ముందు అద్దాలనూ తరువాత ఆయన చెంపలనూ తుడిచింది. జోడును తిరిగి ముక్కు మీద పెట్టి, చెవుల వెనక సరిచేసింది.

"ఏడవాలనిపిస్తే ఏడువు. నా దగ్గర నీకు సిగ్గేంటి?"

ఆ సాయంత్రం ఇంట్లో దీపం పెట్టాక ఆమె ఆగకుండా మాట్లాడింది. పళ్ల సెట్టు బిగుతుగా ఉందని తిరిగి తెచ్చిన ముసలాయన గురించి చెప్పింది. తీరా చూస్తే అది ఆయన భార్య సెట్టట. ఆమె నవ్వింది. తండ్రీ నవ్వాడు. బావమరిది వచ్చి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏం అద్దాలురా బాబూ అవి, నేనూ కొనుక్కుంటా" అన్నాడు.

తన నిర్మాణమంతా తలకిందులైందని డ్రైవరుకు తెలుసు. తన నీళ్లలో శోకం లేదని రుజువు చేయటానికి బయలుదేరి, ఉన్నదని రుజువు చేసుకుని వచ్చాడు. అయినా ఆయనకు విచారం లేదు. ఆ రోజు కూతురుకంటే ఎక్కువగా నమ్మినవాడు ఆయనే. ఇన్నేళ్లూ ఎండకు ఊడిగం చేసిన ఈ కళ్లు, ఇవాళ ఒక్కసారి, ఎవరూ చెప్పకుండా, భార్య కోసం తడిశాయి. మబ్బు పట్టిన ఆ రోజున రానివి దారి తప్పి, ఆలస్యంగా, అదే సీటు పక్కన, అదే బండిలో వచ్చాయి. భోజనం అయ్యాక ఆయన గోడ వైపు తిరిగి పడుకుని, చెంపను వేలితో ఒకసారి తడిమి చూసుకున్నాడు. అంత దుఃఖంలోనూ మనిషి కొంచెం గర్వపడగలడు.

మర్నాడు కళ్లజోడు ఒక పక్కకు జారుతుంటే, మర బిగించుకుందామని దుకాణానికి వెళ్లాడు. దుకాణదారు చిన్న స్క్రూడ్రైవరు తీసి, తలవంచుకుని పనిలో పడ్డాడు.

"ఎలా ఉన్నాయి సార్ అద్దాలు?"

"చాలా బాగున్నాయండీ" అన్నాడు డ్రైవరు. ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉదయం నుంచీ ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. "నిన్న సాయంత్రం మా అమ్మాయి, నేనూ బండిలో వెళ్తున్నాం. ఎండ ఉన్నట్టే అనిపించింది నాకు. అద్దాలు మాత్రం చుక్క నలుపు లేకుండా తెల్లగా ఉన్నాయి. ఎండ లేదని వాటికే తెలిసింది."

"బండిలో అంతే సార్." దుకాణదారు మరను ఇంకో చుట్టు తిప్పాడు. "వీటిని నల్లబరిచే కిరణం బండి ముందద్దం దాటి లోపలికి రాదు. ఎంత ఎండున్నా బండిలో నల్లబడవు."